స్మైల్ డిజైన్ చేయించుకునే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లి ముహూర్తాలు దగ్గరపడుతున్నాయంటే చాలు, స్మైల్ డిజైన్ గురించి అడిగేవాళ్లు ఎక్కువవుతారు. క్యాపులు, వెనీర్లు (పన్ను ముందు భాగానికి అతికే పలుచటి పలకలు), కట్టుడు పళ్లు చేసే దంతవైద్య విభాగం నాది. నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకూ, అడక్కపోయినా మీరు తెలుసుకోవాల్సిన విషయాలకూ ఇక్కడ జవాబులు రాశాను. ఒక్క సంగతి ముందే చెప్తాను. ఈ వైద్యంలో కొన్ని పనులు నచ్చకపోతే వెనక్కి తీసుకోవచ్చు, కొన్ని తీసుకోలేం. పన్ను అరగదీయడం రెండో రకం. కింద రాసిందంతా ఈ తేడాను దృష్టిలో పెట్టుకుని రాసిందే.

స్మైల్ డిజైన్ అంటే ఏం చేస్తారు?

స్మైల్ డిజైన్ అంటే చికిత్స కాదు, చికిత్సకు ముందు వేసుకునే ప్లాన్. మీ ఫొటోలు, వీడియో, నోటి స్కాన్ దగ్గర పెట్టుకుని పళ్ల పొడవు, వెడల్పు, రంగు, చిగుళ్ల అంచు, నవ్వినప్పుడు పెదాలు ఎంత పైకి లేస్తాయి అన్నవి చూసి, ఏది మార్చాలో, ఏది ముట్టుకోకూడదో తేలుస్తారు. బ్రెజిల్‌కు చెందిన దంతవైద్యుడు క్రిస్టియన్ కోచ్‌మన్ ఈ పద్ధతిని కంప్యూటర్ మీదికి తెచ్చి ప్రపంచమంతా ప్రచారం చేశారు.

ప్లాన్ అయ్యాక చేసేది ఏదైనా కావచ్చు. క్లీనింగ్‌తో, బ్లీచింగ్‌తో సరిపోవచ్చు. అలైనర్లు, అంటే పళ్లను కొద్దికొద్దిగా జరిపే పారదర్శకమైన ట్రేలు, పెట్టాల్సి రావచ్చు. విరిగిన మూలకు కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్ పదార్థం) అతికితే పని అయిపోవచ్చు. వెనీర్లు, క్యాపుల దాకా కూడా వెళ్లొచ్చు. ‘స్మైల్ డిజైన్ ప్యాకేజీ, పది వెనీర్లు’ అన్న బోర్డులు నాకు నచ్చనిది అందుకే. నోరు తెరిచి చూడకముందే వెనీర్లు ఎన్నో ఖాయమైతే, అక్కడ డిజైన్ జరగలేదన్నమాట.

కంప్యూటర్‌లో నా నవ్వును ఎలా కొలుస్తారు?

పెదాలు వదులుగా ఉన్నప్పుడు, మామూలుగా నవ్వినప్పుడు, బాగా నవ్వినప్పుడు విడివిడిగా ఫొటోలు తీస్తారు. దానికి తోడు మాట్లాడుతుండగా వీడియో కూడా తీయాలి, అది చాలా ముఖ్యం. కెమెరా ముందు నవ్వమంటే చాలామంది పెదాలు బిగబట్టేస్తారు, అసలు నవ్వు మాటల మధ్యలోనే బయటపడుతుంది.

నేను ‘అమ్మ’ అని రెండు మూడుసార్లు అనమంటాను. ఆఖరి ‘మ్మ’ అయ్యాక పెదాలు విడివడి దవడ సేదతీరుతుంది. అప్పుడు పైపళ్ల అంచు పెదవి కింద ఎంత కనిపిస్తోందో చూస్తాను. వయసులో ఉన్న ఆడవాళ్లలో ఇది సగటున 3 మిల్లీమీటర్ల పైచిలుకు, మగవాళ్లలో 2 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. వయసు పెరిగే కొద్దీ పైపెదవి కిందికి జారి ఇది తగ్గుతుంది. తర్వాత ‘కాఫీ’ అనమంటాను. ‘ఫ’ పలికేటప్పుడు పైపళ్ల అంచు కింది పెదవి లోపలి తడి భాగాన్ని తాకీ తాకనట్టు తాకాలి. పళ్లు పొడవైపోతే ఆ అంచు పెదవి బయటికి వస్తుంది, మాట కూడా మారిపోతుంది. ఈ రెండు మాటలతో తెలిసేది చాలాసార్లు స్క్రీన్ మీది గీతలతో తెలియదు.

గోల్డెన్ రేషియో ప్రకారం చేస్తామన్నారు, అది అవసరమా?

అవసరం లేదు. ఎదురుగా చూసినప్పుడు పక్కపక్క పళ్ల వెడల్పులు సుమారు 1.6కి 1 చొప్పున ఉండాలన్న లెక్క అది. అందమైన సహజమైన పలువరుసలను కొలిచి చూస్తే చాలావాటిలో ఆ నిష్పత్తి కనపడదు. పైవరుస నడిమి పన్ను వెడల్పు దాని పొడవులో 75 నుంచి 80 శాతం ఉంటే కంటికి ఇంపుగా ఉంటుందన్న లెక్క అంతకన్నా ఎక్కువ పనికొస్తుంది. పళ్ల నడిమి గీత ముక్కుకు సూటిగా లేదని బాధపడేవాళ్లు ఉంటారు. అది రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు ఉన్నా మామూలు మనుషులు గుర్తుపట్టరని 1999 నాటి ఒక ప్రసిద్ధ అధ్యయనంలో తేలింది. అదే గీత ఏటవాలుగా ఉంటే మాత్రం వెంటనే కనిపెడతారు. కాబట్టి పక్కకు జరిగిన గీత కోసం మంచి పళ్లను అరగదీయించుకోకండి.

అచ్చు తీసే ముద్ద బదులు స్కానర్ పెడితే మంచిదా?

ట్రేలో ముద్ద నింపి నోట్లో పెట్టగానే వాంతి వచ్చినట్టయ్యే వాళ్లకు స్కానర్ పెద్ద ఊరట. పెన్ను కన్నా కాస్త లావుగా ఉండే పరికరాన్ని పళ్ల మీదుగా తిప్పుతారు. అది వరసగా బొమ్మలు తీసి ఒకదానికొకటి కుట్టుకుంటూ తెరమీద త్రీడీ నమూనా కడుతుంది. ఏదైనా చోటు తప్పిపోతే అక్కడ ఖాళీ కనిపిస్తుంది, ఆ భాగం ఒక్కటే మళ్లీ తీస్తే చాలు.

అయితే కాంతి పడిన చోటే స్కానర్‌కు కనిపిస్తుంది. చిగురు కింద దాగిన అంచు, రక్తం, ఉమ్మి ఉన్న చోటు సరిగా రావు. నాలుగైదు పళ్లకు చాలా బాగా పనిచేస్తుంది. వరుస మొత్తం తీసేటప్పుడు బొమ్మలు కుట్టుకుంటూ పోయే కొద్దీ చిన్న తేడాలు పోగవుతాయి కాబట్టి డాక్టరు మరింత జాగ్రత్తగా చూసుకోవాలి.

తెరమీద చూపించిన నవ్వే నాకు వస్తుందా?

ఆ బొమ్మ ఒక ప్రతిపాదన మాత్రమే. ఫొటో మీద పళ్లు గీయడం తేలిక. ఫొటోకు దవడ కదలిక ఉండదు, కింది పళ్లు గుద్దుకోవు. అందుకే బొమ్మ చూసి ఒప్పుకోవద్దు, నోట్లో పెట్టి చూపించమనండి. దీన్ని మాకప్ అంటారు. ఈ టెక్నాలజీ మొత్తంలో పేషెంటుకు అన్నిటికన్నా మేలు చేసేది నా లెక్కలో ఇదే.

ఎలా చేస్తారో చెప్తాను. కంప్యూటర్‌లో గీసిన పళ్ల ఆకారాన్ని త్రీడీ ప్రింటర్‌లో నమూనాగా తీస్తారు. దానిమీద మెత్తటి సిలికాన్ ముద్ద నొక్కి అచ్చు తయారు చేస్తారు. ఆ అచ్చులో పంటి రంగు రెసిన్ (గట్టిపడే ప్లాస్టిక్ లాంటి ముద్ద) పోసి మీ పళ్ల మీద పెట్టి కొద్ది నిమిషాలు ఆగుతారు. అచ్చు తీయగానే కొత్త ఆకారం మీ నోట్లోనే ఉంటుంది. మత్తు ఇంజెక్షన్ ఉండదు, డ్రిల్లింగ్ ఉండదు. మరీ ముందుకు పొడుచుకొచ్చిన పళ్లకు మాత్రం మాకప్ అసలుకన్నా కాస్త లావుగా వస్తుంది, అది డాక్టరు ముందే చెప్పాలి.

అప్పుడు అద్దం ముందు ఒక్క నిమిషం నిలబడి ‘బాగుంది’ అనేయకండి. ఫోన్ మాట్లాడండి. ‘స’, ‘ష’, ‘ఫ’ వచ్చే మాటలు అనండి. ఇంట్లోవాళ్లకు చూపించండి, ఫోన్‌లో వీడియో తీసుకుని మర్నాడు మళ్లీ చూసుకోండి. పళ్లు పెద్దవిగా ఉన్నాయనిపిస్తే అక్కడికక్కడ కాస్త అరగదీసి చూపించొచ్చు. అప్పుడు అరిగేది రెసిన్, మీ పన్ను కాదు. నచ్చకపోతే ఊడదీస్తారు, మీ పళ్లు ఎప్పటిలాగే ఉంటాయి. మాకప్ అక్కర్లేదు, అనుభవం ఉంది, నేరుగా మొదలుపెడదాం అనే చోట ఆ రోజుకు పని ఆపించండి.

మాకప్ వల్ల ఇంకో లాభం ఉంది. వెనీరు పెట్టేటప్పుడు ఆ మాకప్ మీదుగానే లోతు కొలుచుకుంటూ అరగదీయొచ్చు. కొత్త ఆకారం బయటికి పెరిగే చోట అసలు పన్నును దాదాపు ముట్టుకోనక్కర్లేదు.

పన్ను ఎంత అరగదీస్తారు?

వెనీరు అంటే పన్ను ముందు భాగానికి అతికే పలుచటి పింగాణీ పలక. మామూలుగా 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్ల మందం. క్యాప్ పన్ను చుట్టూ తొడిగేది. దానికి చుట్టూ ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు తీయాలి, కొసన ఇంకాస్త ఎక్కువ. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో తూకం వేసి చూస్తే ముందు పంటికి పూర్తి క్యాప్ కోసం పైకి కనిపించే పన్నులో 63 నుంచి 72 శాతం పోతోంది. వెనీరుకు, రకాన్ని బట్టి, 3 నుంచి 30 శాతం.

పన్ను పైనుండే గట్టి పొర, ఎనామెల్, మళ్లీ పెరగదు. ముందు పళ్ల కొస దగ్గర దాని మందం సుమారు ఒక మిల్లీమీటరు, చిగురు దగ్గరికి వచ్చేసరికి సగం కూడా ఉండదు. వెనీరు ఎనామెల్‌కు గట్టిగా అతుక్కుంటుంది, లోపలి డెంటిన్‌కు అంత బాగా అతుక్కోదు. ఎక్కువ అరగదీసిన పన్ను జివ్వుమంటుంది, కొన్నిసార్లు లోపలి నరం దెబ్బతిని రూట్ కెనాల్ దాకా పోతుంది. బ్రిటన్‌లో ‘టర్కీ టీత్’ అని గొడవ జరిగింది దీనిమీదే. చవగ్గా అవుతుందని టర్కీ వెళ్లిన కుర్రవాళ్లు వెనీర్లు అనుకుని క్యాపులు పెట్టించుకుని, మొనదేలిన మొద్దుల్లా మిగిలిన సొంత పళ్లతో తిరిగొచ్చారు.

వెనీర్లు మొదలైంది హాలీవుడ్‌లో. 1930ల ప్రాంతంలో చార్లెస్ పింకస్ అనే డాక్టరు నటీనటులకు షూటింగ్ కోసం పలుచటి పలకలు తాత్కాలికంగా అంటించి, తర్వాత తీసేసేవారు. పన్నును అరగదీసేవారు కాదు. 1955లో మైఖేల్ బునోకోర్ ఎనామెల్‌ను ఆమ్లంతో కాస్త గరుకు చేస్తే రెసిన్ అతుక్కుంటుందని చూపించారు. 1980ల్లో పింగాణీని కూడా అలాగే గరుకు చేసి అతికించడం వచ్చాకే ఇవి నిలిచే చికిత్స అయ్యాయి.

మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘డాక్టర్ గారూ, మీరు పెట్టేది వెనీరా, క్యాపా?’ జవాబు ట్రీట్‌మెంట్ కాగితం మీద, ఏ పంటికి ఏదో విడివిడిగా రాయించుకోండి.

ఒక్క రోజులో పళ్లు ఇచ్చేస్తామంటున్నారు, నమ్మొచ్చా?

యంత్రాల వరకూ అయితే నమ్మొచ్చు. 1985లో జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో వెర్నర్ మోర్మన్, మార్కో బ్రాండెస్టిని తయారు చేసిన సెరెక్ యంత్రంతో, పేషెంటు కుర్చీలో ఉండగానే పింగాణీ చెక్కి పెట్టడం మొదలైంది. ఇప్పుడు క్లినిక్‌లలో ఎక్కువగా వాడేది లిథియం డైసిలికేట్ అనే పింగాణీ దిమ్మ. చూస్తే ఆశ్చర్యమేస్తుంది, అది ఊదా రంగులో ఉంటుంది. ఆ దశలో కాస్త మెత్తన కాబట్టి యంత్రం నీళ్లు చిమ్ముకుంటూ దాన్ని పన్ను ఆకారంలోకి చెక్కేస్తుంది. తర్వాత చిన్న కొలిమిలో సుమారు 840 డిగ్రీల వేడి తగిలితే లోపల స్ఫటికాలు పెరిగి గట్టిపడుతుంది, ఊదా రంగు పోయి పంటి రంగు వస్తుంది. జిర్కోనియా అనే ఇంకా గట్టి రకం అయితే కావలసిన దానికన్నా పెద్దగా చెక్కుతారు, 1500 డిగ్రీల దాకా కాల్చినప్పుడు ఇరవై శాతం పైగా కుంచించుకుపోయి సరిపోతుంది.

దవడ పంటికి ఒక క్యాప్ ఒక్క రోజులో పెట్టించుకోవడం బాగానే ఉంటుంది. నవ్వులో కనిపించే ఎనిమిది పది పళ్లకు మాత్రం తొందర వద్దు. మాకప్‌తో ఆలోచించుకోవడానికి టైమ్ కావాలి. నాణ్యమైన ల్యాబ్ టెక్నీషియన్ చేత్తో వేసే రంగుల పొరలకు కూడా టైమ్ కావాలి. పంటి కొస దగ్గర కనిపించే ఆ లేత పారదర్శకత చాలావరకు మనిషి చేతి పనే.

మాది ఫ్లోరైడ్ ప్రాంతం. పళ్ల మీద మచ్చలు పోవాలంటే వెనీర్లే గతా?

కాదు. ఈ ప్రశ్నకు కాస్త ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే ఇది మన ప్రాంతపు కష్టం. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బును, మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి ప్రాంతాలవి. నల్లగొండ సంగతి చెప్పక్కర్లేదు. పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీళ్లు దొరకకపోతే 1.5 దాకా సహించవచ్చనీ మన ప్రమాణాలు చెప్తాయి.

ఎనిమిదేళ్లలోపు, దవడ ఎముకలో పన్ను తయారవుతుండగా ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామెల్ లోపల సన్నటి రంధ్రాలు మిగిలిపోతాయి. అక్కడ తెల్ల సుద్ద మరకలు కనిపిస్తాయి. పన్ను బయటికి వచ్చాక వాటిలోకి రంగు ఎక్కి గోధుమ మచ్చలవుతాయి. ఇది సరిగా తోముకోకపోవడం వల్ల వచ్చింది కాదు. పెళ్లిచూపుల్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే అమ్మాయిలను, ఇంటర్వ్యూల్లో పెదవి విప్పని అబ్బాయిలను చూస్తూనే ఉన్నాను. వాళ్ల తప్పేమీ లేదు.

చికిత్స తక్కువ నుంచి ఎక్కువకు మెట్టు మెట్టుగా పోవాలి. పైపైన ఉన్న గోధుమ మచ్చకు మైక్రోఅబ్రేషన్ చేస్తారు. ఆమ్లం కలిసిన రాపిడి ముద్దతో ఎనామెల్‌లో అతి పలుచటి పొర తీసేయడమన్నమాట. తర్వాత బ్లీచింగ్. మొదటి కొన్ని రోజులు తెల్ల మరకలు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, కంగారు పడొద్దు. మిగిలిన పన్ను కూడా తెల్లబడ్డాక తేడా తగ్గుతుంది. అప్పటికీ తెల్ల మరకలు ఉంటే రెసిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ ఉంది. ఆమ్లంతో రంధ్రాలు తెరిచి నీళ్లలా పలుచటి రెసిన్‌ను లోపలికి ఇంకిస్తారు. కాంతి ఆ భాగంలోంచి కూడా మిగతా పన్నులోలాగే పోతుంది కాబట్టి మరక కలిసిపోతుంది. దీనికి డ్రిల్లింగ్ అక్కర్లేదు. గుంటలు పడి ఎనామెల్ రాలిపోతున్న పళ్లకే కాంపోజిట్, వెనీర్లు, క్యాపులు. అక్కడ కూడా ఫ్లోరోసిస్ ఎనామెల్ ఆమ్లానికి అంత త్వరగా లొంగదు కాబట్టి అతికే పద్ధతి మార్చాలి. ఈ ప్రాంతాల్లో పనిచేసిన డాక్టర్లకు ఇది బాగా తెలుసు.

బ్లీచింగ్ చేస్తే పళ్లు పాడవుతాయా? బొగ్గు పేస్టులు వాడొచ్చా?

డాక్టరు పర్యవేక్షణలో, మీ పళ్ల కొలతకు చేసిన ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ పెట్టుకుని పడుకునే పద్ధతి 1989 నుంచి వాడుకలో ఉంది, దాని భద్రతపై చాలా పరిశోధన ఉంది. కొన్ని రోజులు పళ్లు జివ్వుమంటాయి, తర్వాత తగ్గుతుంది. పుచ్చు పళ్లు, చిగుళ్ల జబ్బు ఉంటే ముందు వాటికి వైద్యం జరగాలి. క్యాపులు, వెనీర్లు, పాత ఫిల్లింగులు బ్లీచింగ్‌తో తెల్లబడవు. అందువల్ల ముందు బ్లీచింగ్ చేయించుకుని, సుమారు రెండు వారాలు ఆగి, వచ్చిన రంగుకు సరిపోయేలా మిగతా పని చేయించుకోవాలి.

బొగ్గు పొడి, కచ్చిక, ఇటుక పొడి, నిమ్మరసంలో వంటసోడా, ఇవేవీ వద్దు. పైన మరక పోయినట్టు కనిపిస్తుంది, దాంతోపాటు ఎనామెల్ అరుగుతుంది. ఎనామెల్ పలచబడితే లోపలి పసుపు డెంటిన్ బయటికి కనిపించి పన్ను ఇంకా పచ్చబడుతుంది.

ఇంకో చిన్న సంగతి. నోరు తెరిచి ఉంచితే కొద్ది నిమిషాల్లోనే పళ్లు ఆరిపోయి అసలుకన్నా తెల్లగా కనిపిస్తాయి. క్యాప్ రంగు ఎంచేది పని చివర్లో కాదు, కూర్చోగానే ఎంచాలి.

వంకర పళ్లకు అలైనర్లా, వెనీర్లా?

వరుస సరిగా లేకపోవడమే సమస్య అయితే పళ్లను జరపడం సరైన పని. ముందుకు వచ్చిన పన్నును వెనీరుతో లోపలికి తెచ్చినట్టు చూపించాలంటే చాలా లోతుగా కోయాలి. క్లిప్పులైనా, అలైనర్లైనా మీ కేసును బట్టి ఉంటుంది. అలైనర్ ఒక్కో ట్రే పన్నును పావు మిల్లీమీటరు వరకే జరుపుతుంది, రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోకపోతే ప్లాన్ తప్పుతుంది. డాక్టరును కలవకుండా పోస్టులో అలైనర్లు తెప్పించుకోకండి. అలా అమ్మిన అమెరికా కంపెనీ స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 డిసెంబరులో మూతపడి, చికిత్స మధ్యలో ఉన్నవాళ్లు ఇబ్బంది పడ్డారు.

నవ్వితే చిగుళ్లు ఎక్కువ కనిపిస్తాయి. లేజర్‌తో తీసేస్తారా?

కొందరికి తీయొచ్చు. చిగురు కింద ఎముక దాకా సుమారు 2 మిల్లీమీటర్ల కండ శరీరానికి కచ్చితంగా కావాలి. ఆ హద్దు దాటి కోసి అక్కడ క్యాప్ అంచు పెడితే చిగురు ఎప్పుడూ ఎర్రగా, వాపుగా ఉంటుంది. పైదవడ ఎముక పొడవైనందువల్ల వచ్చిన సమస్య అయితే లేజర్‌తో తీరదు.

ఏఐ డిజైన్ చేస్తే డాక్టరు అవసరం తగ్గుతుందా?

స్కాన్‌లో ఏ పన్ను ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో విడదీయడం, ముఖానికి తగ్గ ఆకారాలు సూచించడం సాఫ్ట్‌వేర్ బాగా చేస్తోంది. గంటల పని నిమిషాల్లో అవుతోంది. మీరు రాత్రిళ్లు పళ్లు కొరుకుతారనీ, ఆ చిన్న సందు మీ నాన్నగారి పోలిక కాబట్టి అది ఉండిపోవాలని మీకుందనీ దానికి తెలియదు. ఆ మాటలు మీరు చెప్పాలి, డాక్టరు వినాలి.

మత్తు ఇంజెక్షన్ ప్రమాదమా? హైదరాబాద్ వార్త చదివి భయంగా ఉంది.

2024లో స్మైల్ డిజైన్ కోసం వెళ్లిన యువకుడు మరణించిన వార్త తర్వాత ఈ టెన్షన్ సహజం. దంతవైద్యంలో వాడే లోకల్ అనస్థీషియా సాధారణంగా చాలా సురక్షితం. అయితే మోతాదు బరువును బట్టి ఉంటుంది, ఒకేసారి ఎక్కువ పళ్లకు పని పెట్టుకుంటే మొత్తం మందు కూడా పెరుగుతుంది. గుండె జబ్బు, అలర్జీ, ఆస్తమా, వాడుతున్న మందులు ఏవీ దాచకండి. ఎమర్జెన్సీ మందులు, ఆక్సిజన్ ఉన్నాయా అని అడగండి. పూర్తి నిద్రమత్తు ఇస్తామంటే అనస్థీషియా డాక్టరు అక్కడే ఉండాలి. పది పళ్ల పనిని రెండు మూడు విడతలుగా చేయించుకోవడంలో నష్టం లేదు.

ఎన్నేళ్లు ఉంటాయి? బీమా వస్తుందా?

ఎనామెల్ మీద సరిగా అతికిన పింగాణీ వెనీర్లలో పదింట తొమ్మిదికి పైగా పదేళ్ల దాకా నిలుస్తాయని చాలా అధ్యయనాల సారాంశం. పళ్లు కొరికే అలవాటుంటే రాత్రిపూట పళ్ల మీద పెట్టుకునే గార్డు తప్పనిసరి. ఏనాటికైనా మార్చాల్సి వస్తుంది, కాబట్టి ఇరవై రెండేళ్లకు పెట్టించుకునేవాళ్లు జీవితంలో కనీసం మరో రెండుసార్లు ఆ ఖర్చు ఉంటుందని లెక్కేసుకోవాలి. పద్దెనిమిది నిండని పిల్లలకు వెనీర్లు వద్దు, లోపలి నరం పెద్దదిగా ఉంటుంది, చిగుళ్లు ఇంకా కుదురుకోవు. ఆరోగ్య బీమాలో అందం కోసం చేసే పనికి డబ్బు రాదు. ప్రమాదంలో పళ్లు విరిగితే పాలసీ చదివి అడగండి.

అమెరికా నుంచి రెండు వారాలు సెలవు మీద వస్తున్నాం. ఆలోపు అయిపోతుందా?

పని అయిపోవచ్చు. ఆలోచించుకునే టైమ్ ఆ రెండు వారాల్లో పెట్టుకోకండి. అక్కడే ఎక్స్‌రేలు, స్కాన్ తీయించి ముందు పంపండి, డిజైన్ గురించి వీడియో కాల్‌లో మాట్లాడుకోండి. దిగిన మొదటి రెండు రోజుల్లో మాకప్ పెట్టించుకుని చూసుకోండి. అతికించాక కనీసం నాలుగైదు రోజులు ఇక్కడే ఉండండి, కొరుకు సరిపోకపోతే సరిచేయించుకోవడానికి.

వెళ్లేముందు మీ ఫైళ్లు అడిగి తీసుకోండి. పని మొదలుకాకముందు స్కాన్, డిజైన్ ఫైలు, చివరి స్కాన్, వాడిన పింగాణీ పేరు, రంగు నంబరు, ఎక్స్‌రేలు, ఏ పంటికి ఏం చేశారో రాసిన కాగితం. స్కాన్లు ఎస్‌టీఎల్ ఫార్మాట్‌లో ఇమ్మంటే ఏ దేశంలోని ల్యాబ్ అయినా తెరవగలదు. నాలుగేళ్ల తర్వాత డల్లాస్‌లో ఒక వెనీరు విరిగితే, ఆ ఫైలు చూసి అక్కడి డాక్టరు అదే ఆకారంలో అదొక్కటే చేసిపెట్టగలరు, పక్క పళ్లను ముట్టుకోకుండా.